చెడి నిలిచిన జంటలు

వేలూరు జిల్లా గుడియాత్తం బజారులో చేపల బల్ల మీద శీలావతి, బంగారు తీగ పక్కపక్కనే పడి ఉండడం మామూలే. మొదటిదాన్ని అక్కడి తమిళులు రోగు అంటారు, రెండోదాన్ని సాదా కెండై అంటారు. రెండూ మంచినీటి చేపలు, ఒకే కుటుంబానికి చెందినవి. పులుసులో పడ్డాక ఏది ఏదో చెప్పాలంటే చేపలు బాగా తిన్న నాలుక కావాలి. కణాల్లోకి వెళ్ళి క్రోమోజోములు లెక్కపెడితే మాత్రం పొరపాటుపడే వీలు లేదు. శీలావతికి 50 ఉంటాయి, బంగారు తీగకు 100.

బంగారు తీగ ఈ నేల చేప కాదు. దాని జర్మన్ రకాన్ని 1939లో సింహళం నుంచి నీలగిరికి తెచ్చారు. 1957లో బ్యాంకాక్ రకం దేశానికి వచ్చింది. చెరువుల్లో ఎక్కువగా పాకినది ఈ రెండోదే. పలమనేరు కొండల నుంచి దిగివచ్చే కౌండిన్య నది గుడియాత్తాన్ని ఒరుసుకుంటూ పోయి పాలారులో కలుస్తుంది. వానాకాలం దాటితే రెండు నదుల్లోనూ నీటికన్నా ఇసుకే ఎక్కువ. అందుకే ఈ ప్రాంతంలో చేప అంటే చెరువుదో, జలాశయానిదో అయి ఉండాలి. ఎక్కడినుంచో వచ్చిన ఈ నూరు క్రోమోజోముల చేప అలాంటి నీళ్ళలో సుఖంగా బతికేస్తుంది.

కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ వైద్య కేంద్రంలో పనిచేసిన సుసుము ఓనో 1967లో ఈ కుటుంబపు చేపల క్రోమోజోములనూ, డీఎన్ఏ పరిమాణాన్నీ పోల్చి చూశారు. బంగారు తీగలోనూ, గాజు తొట్లలో పెంచే గోల్డ్ ఫిష్‌లోనూ జన్యు సరుకంతా ఇంచుమించు రెట్టింపు ఉందని ఆయన బృందం తేల్చింది. ఇది ఎలా జరిగిందో ఇప్పుడు ఇంకాస్త వివరంగా తెలుసు. సుమారు 120 లక్షల ఏళ్ళ కిందట రెండు వేర్వేరు జాతుల చేపలు సంకరమై, రెండింటి జన్యువులూ పూర్తిగా ఒకే సంతానంలో నిలిచిపోయాయి. 2014లో బంగారు తీగ జన్యురాశిని చదివినప్పుడు 52,000కు పైగా జన్యువులు తేలాయి. మనిషికి ప్రోటీన్ తయారుచేసే జన్యువులు దాదాపు ఇరవై వేలు మాత్రమే.

అలాగని శీలావతిలో రెట్టింపు జరగలేదనుకోకండి. సుమారు 32 కోట్ల ఏళ్ళ కిందట, నేటి ఎముక చేపల్లో నూటికి 95కు పైగా జాతులకు పూర్వికమైన ఒక చేపలో మొత్తం జన్యురాశి ఒకసారి రెట్టించింది. శీలావతి, బొచ్చె, కొర్రమీను, వంజరం అన్నీ ఆ వంశానివే. బంగారు తీగలో జరిగింది ఆ పాత రెట్టింపు మీద మరో రెట్టింపు. అంతకన్నా ముందు, సుమారు 50 కోట్ల ఏళ్ళ నాడు, వెన్నెముక జీవుల పూర్వికుల్లో ఇంకా పాత రెట్టింపులున్నాయి. మనమూ వాటి వారసులమే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒక్క జన్యువుతో జరిగిపోతున్న పనికి హఠాత్తుగా రెండు ప్రతులు దొరికితే రెండోదాని గతి ఏమిటి?

ఈ ప్రశ్నను ముందుగా పట్టించుకున్నవారిలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. ఇంగ్లండు వదిలి 1957లో మన దేశానికి వచ్చేసి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన మనిషి ఆయన. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఆయన దగ్గర శిష్యరికం చేసి, తర్వాత ఆయన జీవితచరిత్ర రాశారు. హాల్డేన్ 1932లోనే ఒక మాట అన్నారు. జన్యువుకు రెండు ప్రతులుంటే ఒకటి మారినా జీవికి నష్టం ఉండదు, కాబట్టి మార్పుకు అక్కడ వెసులుబాటు దొరుకుతుందని. ఆ మాటను ఓనో 1970లో ఒక పుస్తకంగా విస్తరించారు. పాత ప్రతి పాత పని చూసుకుంటుంది, కొత్త ప్రతి స్వేచ్ఛగా మారి ఏదో ఒకనాడు కొత్త పని సంపాదిస్తుంది, పరిణామంలో పెద్ద అడుగులన్నీ ఇలాగే పడ్డాయి అని ఆయన వాదం.

వినడానికి ఎంతో బావుంది. లెక్కకు నిలవడమే కష్టమైంది. జన్యువులో యాదృచ్ఛికంగా వచ్చే మార్పుల్లో పాడుచేసేవే ఎక్కువ, బాగుచేసేవి బహు అరుదు. కొత్త పని దొరికేదాకా రెండో ప్రతి ఎదురుచూస్తూ కూర్చోలేదు, ఆలోపే చెడిపోతుంది. జంట ప్రతుల్లో సగం కొన్ని పదుల లక్షల ఏళ్ళలోనే మూగబోతాయని మైకేల్ లించ్, జాన్ కోనరీ 2000లో అంచనా కట్టారు. ఆ లెక్కన 32 కోట్ల ఏళ్ళ నాటి జంటలు ఈపాటికి దాదాపు అంతరించిపోయి ఉండాలి. మరి జీబ్రా చేప జన్యురాశిని 2013లో పూర్తిగా చదివితే, దాని జన్యువుల్లో నాలుగో వంతు ఇప్పటికీ ఆ పాత జంటలుగానే ఉన్నాయి. ఇన్ని వేల జంటలకు ఇన్ని వేల కొత్త పనులు దొరికాయా? నమ్మశక్యం కాదు.

జీబ్రా చేప గురించి రెండు మాటలు చెప్పాలి. మన దేశపు వాగుల్లో, వరిమళ్ళ పక్క కాలువల్లో తిరిగే చిటికెన వేలంత చారల చేప అది. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగా నది చేపల మీద రాసిన గ్రంథంలో దాన్ని వర్ణించారు. గుడ్లు తల్లి కడుపు బయట, గాజులా పారదర్శకంగా ఉంటాయి. పిండంలో ఏ కణం ఎటు పోతోందో కంటితో చూడవచ్చు. అమెరికాలోని ఆరెగన్ విశ్వవిద్యాలయంలో జార్జి స్ట్రైసింగర్ దీన్ని ప్రయోగశాల జంతువుగా నిలబెట్టారు. ఇవాళ హైదరాబాద్ సీసీఎంబీలోనూ తొట్లలో పెరుగుతోంది. మన వాగు చేప అమెరికా చుట్టి మన దగ్గరికి తిరిగి వచ్చిందన్నమాట.

అదే ఆరెగన్‌లో జాన్ పోస్టిల్‌త్వెయిట్ బృందం 1998లో ఒక విశేషాన్ని బయటపెట్టింది. శరీరంలో తల ఎక్కడ, నడుము ఎక్కడ అని నిర్ణయించే హాక్స్ జన్యువులు మనుషుల్లో, ఎలుకల్లో నాలుగు గుంపులుగా ఉంటాయి. జీబ్రా చేపలో ఏడు గుంపులున్నాయి. నాలుగు రెట్టించి ఎనిమిదై, ఒకటి పోయి ఏడు మిగిలాయి. మరుసటి ఏడాది అదే బృందం, లించ్‌తో కలిసి, జంటలు ఎందుకు నిలుస్తాయో చెప్పే సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చింది. ఓనో ఆలోచనను అది తలకిందులు చేసింది. రెండు ప్రతులూ బాగుపడ్డందువల్ల కాదు, రెండూ చెరో చోట చెడినందువల్ల నిలుస్తాయి అన్నది దాని సారం.

గుడియాత్తం లుంగీలకు పేరుపడ్డ ఊరు కాబట్టి అక్కడి మగ్గం సాక్షిగానే చెబుతాను. ఒక నేతగాడికి ఇద్దరు కొడుకులు. నూలుకు రంగు అద్దడం, మగ్గం మీద నేయడం రెండు పనులూ ఇద్దరికీ నేర్పాడు. ఇద్దరిలో ఒకడు బెంగుళూరు వెళ్ళిపోయినా పని ఆగదు. కొన్నాళ్ళకు పెద్దవాడికి రంగు పడక చేతులు పుళ్ళు కట్టాయి, అద్దకం మానేశాడు. ఇంట్లో దాని లోటేమీ తెలియలేదు, తమ్ముడున్నాడు. మరికొన్నాళ్ళకు చిన్నవాడికి మోకాలు దెబ్బతిని గుంట మగ్గంలో దిగలేకపోయాడు. అప్పుడూ లోటు తెలియలేదు, అన్న ఉన్నాడు. కాని ఇప్పుడు ఇద్దరిలో ఎవరు ఇల్లు వదిలినా లుంగీ తయారు కాదు. ఎవరూ కొత్త విద్య నేర్వలేదు. తండ్రి ఒక్కడూ చేసిన పనినే ఇద్దరూ కలిసి చేస్తున్నారు, అంతే.

జన్యువులో ఇది ఎలా సాధ్యం? ప్రోటీన్‌ను ఎలా కట్టాలో చెప్పే రాత ఒకటుంటుంది. దాన్ని ఎక్కడ, ఎప్పుడు చదవాలో చెప్పే నియంత్రక తునకలు దాని అటూ ఇటూ విడివిడిగా ఉంటాయి. రెక్కలో చదవమని ఒక తునక, వెన్నుపాములో చదవమని మరో తునక. ఒక తునక చెడితే ఆ చోట మాత్రమే జన్యువు మూగబోతుంది, మిగతా చోట్ల పలుకుతూనే ఉంటుంది. ఎలుకలో ఎన్‌గ్రెయిల్డ్-1 అనే ఒకే జన్యువు కాళ్ళ మొలకల్లోనూ, మెదడు వెనుక భాగంలోని, వెన్నుపాములోని కొన్ని నాడీకణాల్లోనూ పలుకుతుంది. జీబ్రా చేపలో దానికి ఇద్దరు వారసులు. ఒకటి ముందు రెక్కల మొలకలను చూసుకుంటుంది, రెండోది ఆ నాడీకణాలను. సిద్ధాంతం పుట్టిన 1999 నాటి వ్యాసంలో ముఖ్య సాక్ష్యం ఇదే.

నాకు మాత్రం ఇంతకన్నా నమ్మకం కలిగించేది మరో జంట. మిట్ఫ్ అనే జన్యువు నల్లరంగు కణాలను తయారుచేయిస్తుంది. ఎలుకలో ఇది ఒక్కటే. చర్మంలోని రంగు కణాలకూ, కంటి వెనుక ఉండే నల్లటి పొరకూ అదే దిక్కు. అది చెడిన ఎలుకకు ఒళ్ళు తెల్లబడుతుంది, కళ్ళు చిన్నవై పాడవుతాయి. మనుషుల్లో కూడా దీని లోపం వల్ల ముంగురుల దగ్గర తెల్లజుట్టు, వినికిడి లోపం, కళ్ళ రంగులో తేడా వచ్చే కుటుంబాలున్నాయి. జీబ్రా చేపలో దీనికి రెండు ప్రతులున్నాయి. వాటిలో మిట్ఫ్-ఎ చెడిన చేపను 1999లో వర్ణించారు. నాక్రే అని పేరు పెట్టారు. ఒంటి మీద ఒక్క నల్ల కణం లేదు, కళ్ళు మాత్రం కాటుక పెట్టినంత నల్లగా ఉన్నాయి. కంటిలో మిట్ఫ్-బి కూడా పలుకుతుంది.

అక్కడితో ఆగితే పనులు పంచుకున్నాయి అని మాత్రమే చెప్పగలం. ఎలుక ఒకే జన్యువు నుంచి, వేర్వేరు చోట్ల చదవడం మొదలుపెట్టి, చర్మానికి ఒక రూపాన్నీ కంటికి మరో రూపాన్నీ తయారుచేసుకుంటుంది. రూపానికో ఆరంభ భాగం ఉంటుంది. చేపల జంట జన్యువులను అక్షరం అక్షరం చదివిన ఒక జర్మన్ బృందం 2002లో చూసిందేమిటంటే, ఒక ప్రతిలో కంటి రూపానికి చెందిన ఆరంభ భాగం శిథిలమైంది, రెండో ప్రతిలో చర్మపు రూపానికి చెందినది శిథిలమైంది. చెరో చోట చెడిన గుర్తులు ఇంకా కళ్ళెదుటే ఉన్నాయి. సిద్ధాంతం ఏది ఊహించిందో అదే శిథిలాల రూపంలో దొరికింది. నాక్రే చేపను మరో లోపమున్న చేపతో కలిపి 2008లో ఒళ్ళంతా గాజులాంటి చేపను తయారుచేశారు. బతికున్న చేపలో క్యాన్సర్ కణాలు ఎటు పాకుతున్నాయో ఇప్పుడు దానిలో చూస్తున్నారు.

ఈ పంపకం ప్రయోగశాలకే పరిమితమైన ముచ్చట కాదు, జేబుకూ సంబంధం ఉంది. తమిళనాడు చెరువుల నిండా ఉండే తిలాపియాను అక్కడ జిలేబి చేప అంటారు. ఆడ జిలేబి గుడ్లు పెడుతూ, వాటిని నోట్లో పెట్టుకుని పొదుగుతూ ఎదుగుదల పోగొట్టుకుంటుంది. రైతుకు కావలసింది మగ చేప. విజయవాడ దగ్గర మానికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం గిఫ్ట్ అనే మేలురకం తిలాపియాను పెంచుతోంది. అన్నీ మగవే కావాలంటే, పొదిగిన కొత్తలో మూడు నాలుగు వారాలు పిల్లల మేతలో మగ హార్మోను కలపడం లోకమంతటా ఉన్న పద్ధతి. చేపలో మగ హార్మోనును ఆడ హార్మోనుగా మార్చే ఎంజైము అరోమటేజ్. మనకు ఆ జన్యువు ఒకటే ఉంది. అండాశయంలో, మెదడులో, కొవ్వులో అదే పనిచేస్తుంది. చేపలకు రెండున్నాయి, ఒకటి ప్రధానంగా అండాశయానిది, ఒకటి మెదడుది. తిలాపియాలో అండాశయపు ప్రతిని చెడగొడితే, క్రోమోజోముల ప్రకారం ఆడ కావలసిన చేప మగదై పెరుగుతుందని చైనాలో 2017లో నిరూపించారు. జీబ్రా చేపలోనూ అంతే, ఆ ప్రతి పోతే సంతానమంతా మగవే. మెదడు ప్రతిని తీసేస్తే లింగం మారదు. క్షీరదాల మెదడుతో పోలిస్తే చేప మెదడులో ఈ ఎంజైము చురుకు వందల రెట్లు ఎక్కువ. జీవితాంతం కొత్త నాడీకణాలు పుట్టించే దాని అలవాటుకూ దీనికీ లంకె ఉందని భావిస్తున్నారు.

లింగ నిర్ణయంలోనే మరో జంట సాక్స్9. క్షీరదాల్లో వృషణం ఏర్పడడానికి ఇది తప్పనిసరి. జీబ్రా చేపలో ఒక ప్రతి వృషణంలో పలుకుతుంటే, రెండోది అండాశయంలో పలుకుతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో బి. సెంథిల్‌కుమరన్ బృందం మీసాల చేపలో కూడా సాక్స్9కి రెండు ప్రతులను గుర్తించి, అవి వేర్వేరుగా పలికే తీరును పరిశీలించింది. మగతనపు జన్యువుగా పాఠ్యపుస్తకాల్లో పేరుపడ్డదానికి అండాశయంలో ఏం పని అని మొదటిసారి చదివినప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది.

ఇంతకీ ఓనో పూర్తిగా ఓడిపోయారా అంటే, లేదు. ఆఫ్రికా నదుల్లో ఒక తెగ, దక్షిణ అమెరికా నదుల్లో ఇంకో తెగ విద్యుత్ చేపలున్నాయి. బంధుత్వం దూరం, ఒకదాని పొడ ఒకదానికి లేదు. రెండూ కండరాన్నే మార్చి విద్యుత్ అవయవం చేసుకున్నాయి. ఇలాంటి అవయవం అంచెలంచెలుగా ఎలా వచ్చి ఉంటుందో చెప్పడం కష్టమని 1859లో డార్విన్ కూడా ఒప్పుకున్నాడు. కండరం కదలాలంటే సోడియంను లోనికి వదిలే ద్వారం లాంటి ప్రోటీన్ కావాలి. చేపల్లో దాని జన్యువుకు ఆ పాత రెట్టింపు వల్ల రెండు ప్రతులున్నాయి, మామూలు చేప కండరంలో రెండూ పనిచేస్తాయి. విద్యుత్ చేపల్లో ఒకటి కండరాన్ని వదిలేసి విద్యుత్ అవయవంలో స్థిరపడింది. అక్కడ దాని ప్రోటీన్ వేగంగా మారి, జాతికో తీరు సంకేతానికి అనువుగా తయారైంది. టెక్సస్‌లో హెరాల్డ్ జేకన్ బృందం 2006లో చూపించిన విశేషం ఏమిటంటే, రెండు ఖండాల్లోనూ కండరాన్ని వదిలింది అదే ప్రతి. రెట్టింపు జరిగాక కోట్ల ఏళ్ళ పాటు రెండూ కండరంలోనే ఉండబట్టి, ఒకటి వెళ్ళిపోయినా చేప ఈదగలిగింది. ముందు ఒక చోట పని పోవడం, ఆ తర్వాతే కొత్త పని. వరస గమనించారు కదా.

కొత్త పనికి మరో ఉదాహరణ. దక్షిణ ధ్రువ సముద్రంలో నీరు సున్నాకన్నా దాదాపు రెండు డిగ్రీలు తక్కువకు దిగుతుంది. ఉప్పు వల్ల సముద్రం గడ్డకట్టదు గాని చేప నెత్తురు గడ్డకట్టాలి. అక్కడి ఈల్‌పౌట్ అనే చేప నెత్తురులో మంచు రవ్వలకు అతుక్కుని వాటిని పెరగనివ్వని ప్రోటీన్ ఉంది. దాని మూలం సియాలిక్ ఆమ్లాన్ని తయారుచేసే ఒక మామూలు ఎంజైము జన్యువు అని 2010లో క్రిస్టినా చెంగ్ బృందం తేల్చింది. ఆ పాత ఎంజైముకే మంచుకు అతుక్కునే గుణం కొద్దిగా ఉంది. ఒకే ప్రోటీన్‌లో రెండు గుణాలనూ మెరుగుపరచడం కుదరదు, ఒకదానికి మేలైన మార్పు రెండోదానికి చేటు. ప్రతి రెండైనాక ఒకటి ఎంజైముగా మిగిలింది, రెండోది ఎంజైము పని వదిలేసి మంచు పని పట్టింది. కొత్తది అని మనం ఆశ్చర్యపోయే పని కూడా పాతదాంట్లో సన్నగా ఉన్నదే.

చేపలను వదిలి వేలూరుకే వద్దాం. సీఎంసీ ఆసుపత్రిలో 1986 నుంచి ఎముక మజ్జ మార్పిడి జరుగుతోంది. చిత్తూరు జిల్లా నుంచీ, బెంగాల్ నుంచీ హిమోగ్లోబిన్ లోపంతో వచ్చే తలసీమియా ఉన్న పిల్లలను ఎత్తుకుని తల్లిదండ్రులు ఇక్కడికి వస్తారు. మన హిమోగ్లోబిన్ జన్యువులన్నీ ఒకే పూర్వ జన్యువు మళ్ళీ మళ్ళీ రెట్టించగా వచ్చినవి. ఆల్ఫా, బీటా విడిపోయింది చేపలూ మనమూ వేరుకాక ముందే. తర్వాత బీటా వైపు మరిన్ని ప్రతులు వచ్చాయి. వాటిలో గామా ఒకటి. ఇతర క్షీరదాల్లో గామా తొలి పిండదశలో పలికి ఆగిపోతుంది. కోతుల పూర్వికుల్లో అది రెట్టించి, పలికే కాలాన్ని మార్చుకుంది. మనలో కడుపులోని బిడ్డకు ప్రాణవాయువు మోసేది అదే. ఇక్కడ ప్రతులు పంచుకున్నది అవయవాలను కాదు, వయసును. పుట్టాక కొన్ని నెలల్లో గామా మూగబోయి బీటా అందుకుంటుంది. బీటా చెడిన బిడ్డకు జబ్బు అప్పుడే బయటపడుతుంది.

కొందరిలో పుట్టుకతోనే ఒక చిన్న మార్పు వల్ల గామా పెద్దయ్యాక కూడా ఆగదు. వాళ్ళకు బీటా చెడినా జబ్బు తీవ్రత తక్కువ. మూగబోయిన గామాను కావాలని పలికించవచ్చా అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. వేలూరు బాగాయంలో ఉన్న మూలకణ పరిశోధన కేంద్రంలో ఒక బృందం గామాను నియంత్రించే భాగంలో ఒక్కొక్క అక్షరాన్నీ మార్చి చూసి, ఏ మార్పులతో అది తిరిగి పలుకుతుందో 2022లో ప్రకటించింది. వాళ్ళకు ఎదురైన చిక్కు జంట జన్యువులది. మనకు గామాలు రెండున్నాయి, పక్కపక్కనే, నియంత్రక భాగాలు ఇంచుమించు ఒక్కలాగే. డీఎన్ఏను కత్తిరించే పాత పద్ధతి వాడితే కత్తెర రెండు చోట్లా పడి, మధ్యలో దాదాపు అయిదు వేల అక్షరాల ముక్క ఊడిపోతుంది, దానితోపాటు ఒక గామా కూడా. అందుకే ఆ బృందం డీఎన్ఏ రెండు పోగులనూ తెంచకుండా అక్షరాన్ని మాత్రమే మార్చే సాధనాన్ని ఎంచుకుంది. అది కూడా రెండు గామాలను వేరుచేసి చూడలేదు, రెండింటినీ మార్చేస్తుంది. తర్వాత ఏ గామా ఎంత పలుకుతోందో తెలుసుకోవాలంటే ప్రోటీన్ గొలుసులను విడదీసి కొలవాలి. ఆ రెండు గొలుసులకూ తేడా ఒకే ఒక్క అమినో ఆమ్లం, 136వ స్థానంలో. ఒకదానిలో గ్లైసీన్, ఇంకోదానిలో అలనీన్.